డిశ్చార్జి చీటీ చేతికొచ్చాక

'డిశ్చార్జి' అనే మాట మన ఇళ్లలో తెలుగు మాటే అయిపోయింది. కరెంటు పోయిన రాత్రి ఇన్వర్టర్ బ్యాటరీ డిశ్చార్జి అయిందంటాం. కరెంటు పని చేసే మన కుర్రాళ్లు లైను డిశ్చార్జి చేశాకే చెయ్యి వేయాలంటారు. ఆసుపత్రిలో ఉన్న అమ్మను రేపు డిశ్చార్జి చేస్తున్నారని తమ్ముడు ఫోను చేస్తాడు. మూడుచోట్లా ఒకటే మాట. ఒకచోట శక్తి తగ్గిపోవడం, ఒకచోట ప్రమాదాన్ని తొలగించడం, ఒకచోట మనిషిని ఇంటికి పంపించడం.

మొదటి రెండింటి మీద శాస్త్రవేత్తలు, ఇంజినీర్లు వందేళ్లకు పైగా పరిశోధన చేస్తున్నారు. ఆసుపత్రి డిశ్చార్జి మీద గట్టి పరిశోధన మాత్రం ఈ కొన్ని దశాబ్దాలదే. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒక సంగతి స్పష్టంగా కనబడుతోంది. డిశ్చార్జి అనేది సంతకంతో ముగిసిపోయే పని కాదు. అది కొన్ని రోజుల పాటు, కొన్ని వారాల పాటు సాగే దశ. ఆ దశలో ఎవరో ఒకరు బాధ్యత తీసుకుని చూసుకోవాలి. మన దేశంలో చాలా ఆసుపత్రుల్లో ఈ రోజు ఆ బాధ్యత ఫలానావారిదని చెప్పే పరిస్థితి లేదు. ఆసుపత్రి తన పని అయిపోయిందనుకుంటుంది, ఇంటివాళ్లకు ఏం చేయాలో తెలియదు. ఆ మధ్యలో మనుషులు పోతున్నారు. అందుకే మేము రెండు మాటలు చెప్పదలచుకున్నాం. సరైన డిశ్చార్జిని మనం హక్కుగా అడగాలి. డిశ్చార్జి తరువాతి రోజుల్లో పక్కన నిలబడే పనిని మన సంఘాలు తమ పరిచర్యగా తీసుకోవాలి.

బ్యాటరీ చెప్పే సంగతి

ముందు బ్యాటరీ దగ్గర మొదలుపెడదాం. మన ఇళ్లలో ఇన్వర్టర్ కింద ఉండే సీసపు బ్యాటరీని 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త కనిపెట్టాడు. అందులో సీసపు పలకలు, యాసిడ్ ఉంటాయి. కరెంటు వాడుకుంటున్న కొద్దీ పలకల మీద సీసపు సల్ఫేటు పొర పేరుకుంటుంది. వెంటనే మళ్లీ ఛార్జి పెడితే ఆ పొర కరిగి, పలకలు మామూలు స్థితికి వస్తాయి. ఖాళీ అయిన బ్యాటరీని అలాగే వారాల తరబడి వదిలేస్తే మాత్రం ఆ పొర గట్టి స్ఫటికాలుగా మారిపోతుంది. ఆ తరువాత ఎంత ఛార్జి పెట్టినా పాత బలం రాదు. బ్యాటరీ షాపులో 'సల్ఫేషన్ అయింది' అనేది దీన్నే.

ఇంకొక సంగతి. 12 వోల్టుల బ్యాటరీ నిండుగా ఉన్నప్పుడు సుమారు 12.7 వోల్టులు చూపిస్తుంది. దాదాపు ఖాళీ అయ్యాక కూడా, దేనికీ తగిలించకుండా కొలిస్తే, 11.8 దగ్గర చూపిస్తుంది. తేడా ఒక్క వోల్టు కూడా లేదు. పైకి చూస్తే బాగానే ఉన్నట్టుంటుంది, ఫ్యాను తగిలించగానే కూలబడుతుంది.

మూడో సంగతి 1897లో విల్‌హెల్మ్ ప్యూకర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేల్చింది. బ్యాటరీ నుంచి ఎంత వేగంగా కరెంటు లాగితే, మొత్తం మీద మనకు దక్కేది అంత తగ్గుతుంది. 20 గంటల లెక్కన 150 ఆంపియర్ అవర్ అని రాసిన బ్యాటరీ ఏడున్నర ఆంపియర్ల చొప్పున 20 గంటలు నడుస్తుంది. అదే బ్యాటరీ మీద 30 ఆంపియర్ల భారం పెడితే లెక్క ప్రకారం రావలసిన ఐదు గంటలు రావు, ముందే ఆగిపోతుంది.

ఎంత లోతుగా ఖాళీ అయింది, ఎంత వేగంగా ఖాళీ చేశారు, ఎంత త్వరగా మళ్లీ నింపారు. బ్యాటరీ ఆయుష్షు చాలావరకు ఈ మూడింటి మీదే ఆధారపడుతుంది.

కరెంటు లైను చెప్పే సంగతి

మన సంఘాల్లో ఐటీఐ చదివి కరెంటు పనికి వెళ్తున్న యువకులు చాలామంది ఉన్నారు. వాళ్లకు మొదట నేర్పే పాఠం ఒకటుంది. స్విచ్ ఆపినంత మాత్రాన లైను చచ్చిపోయినట్టు కాదు. కెపాసిటర్లలో, పొడవాటి కేబుళ్లలో సరఫరా ఆపాక కూడా ఛార్జి నిలిచి ఉంటుంది. పక్కన నడుస్తున్న లైను వల్ల కూడా ఆగిన తీగలో కరెంటు పుట్టవచ్చు. అందుకే సరఫరా ఆపాలి, టెస్టర్‌తో చూడాలి, డిశ్చార్జి రాడ్‌తో ఛార్జిని భూమిలోకి పంపాలి, పని అయ్యేదాకా ఎర్తింగ్ అలాగే ఉంచాలి. ఈ వరుసలో ఒక్కటి వదిలేస్తే ప్రాణం మీదికి వస్తుంది. స్తంభం మీద ఉన్న మనిషికి 'లైను ఆపేశాం' అన్న మాట చాలదు. ఆ ఛార్జి ఎక్కడికి పోయిందో, దానికి దారి ఎవరు చూపించారో తెలియాలి.

ఇప్పుడు ఆసుపత్రి దగ్గరకు వద్దాం. జబ్బు 'ఆపేశాం' అని డాక్టరు చెబుతారు. మిగిలిన నొప్పి, నీరసం, భయం, అప్పు ఎక్కడికి పోతాయి? అవన్నీ ఆ మనిషితో పాటు ఇంటికే వస్తాయి. ఇంట్లో వాటిని మోసే దారి ఉందో లేదో ఎవరైనా అడిగారా?

ఆసుపత్రి పరిశోధన ఏం తేల్చింది?

అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ బీమా పథకం ఉంది. పేరు మెడికేర్. ఆ పథకం కింద ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లినవాళ్ల లెక్కలు తీసి 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. ఐదుగురిలో దాదాపు ఒకరు 30 రోజుల్లోనే మళ్లీ ఆసుపత్రిలో చేరారు. వైద్య చికిత్స పొంది ఇంటికి వెళ్లి, అలా తిరిగి చేరినవాళ్లలో సగం మందికి, ఆ రెండు చేరికల మధ్య ఏ డాక్టరుకూ చూపించుకున్నట్టు బిల్లే లేదు. అంత డబ్బున్న దేశంలోనే డిశ్చార్జి తరువాత మనిషిని పట్టించుకున్నవాళ్లు లేరన్నమాట.

2013లో యేల్ విశ్వవిద్యాలయపు గుండె వైద్యుడు హార్లాన్ క్రుమ్‌హోల్జ్ ఇంకో మాట చెప్పాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వారాల్లో మనిషి ఒక ప్రత్యేకమైన బలహీన స్థితిలో ఉంటాడన్నాడు. చాలామంది మళ్లీ ఆసుపత్రికి వచ్చేది మొదటి జబ్బుతో కాదు, వేరే జబ్బుతో. కారణం, వార్డులో గడిపిన రోజులే. నిద్ర ఉండదు. పరీక్షల కోసం పస్తులుంటారు. మంచం మీదే ఉండి కండలు కరిగిపోతాయి. కొత్త మందులతో తల తిరుగుతుంది. ఆందోళన సరేసరి. అంటే జబ్బు నయం చేసే క్రమంలోనే మనిషిలోని నిల్వ ఖర్చయిపోతోంది. పైకి 11.8 వోల్టులు కనబడతాయి. మెట్లెక్కమంటే, మార్కెట్‌కి వెళ్లమంటే, మర్నాడే పనికి రమ్మంటే కూలబడతాడు.

మరి ఏం చేస్తే మంచిది? బోస్టన్ నగరంలో పేదలు ఎక్కువగా వచ్చే ఒక పెద్దాసుపత్రిలో డాక్టర్ బ్రయన్ జాక్ బృందం 749 మంది మీద ఒక ప్రయోగం చేసి, ఫలితాలను 2009లోనే ప్రచురించింది. వాళ్లు కొత్త మందేమీ ఇవ్వలేదు. ఒక నర్సుకు డిశ్చార్జి పని ఒక్కటే అప్పగించారు. ఆమె రోగితో కూర్చుని మందులు, జబ్బు, తరువాత డాక్టరు దగ్గరకు వెళ్లవలసిన తేదీ అన్నీ చెప్పేది. సులభంగా అర్థమయ్యే చిన్న పుస్తకం తయారు చేసి ఇచ్చేది. 'అర్థమైందా?' అని అడిగి వదిలేయకుండా, 'నేను చెప్పింది మీ మాటల్లో చెప్పండి' అని తిరిగి చెప్పించుకునేది. ఇంటికి వెళ్లిన రెండు నుంచి నాలుగు రోజుల్లో ఒక ఫార్మసిస్టు ఫోను చేసి మందులు సరిగా వేసుకుంటున్నారో లేదో కనుక్కునేవాడు. అంతే. 30 రోజుల్లో ఎమర్జెన్సీకి రావడం, మళ్లీ వార్డులో చేరడం కలిపి దాదాపు 30 శాతం తగ్గాయి.

ఒక నర్సు, ఒక చిన్న పుస్తకం, ఒక ఫోను. ఇది మన దేశానికి అందని ఖర్చని ఎవరైనా అంటే మేము ఒప్పుకోం.

మన పరిస్థితి ఇంకా బరువు

మన పాఠకుల్లో చాలామంది తరతరాలుగా తెలుగు రాష్ట్రాల బయట స్థిరపడ్డవాళ్లు. బళ్లారి, కోలారు, హోసూరు, చెన్నై, బరంపురం, రాయగడ, షోలాపూర్, ముంబయి కామాటిపురా. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష, డిశ్చార్జి చీటీలో ఇంగ్లీషు. కుర్రాళ్లకు కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో బాగానే వచ్చు. ముసలివాళ్లకు బజారులో బేరమాడేంత వస్తుంది, డాక్టరు చెప్పే జాగ్రత్తలు అర్థమయ్యేంత రాదు. యానాం వాళ్లకు ఇంటి పక్కన తెలుగే. అయినా పెద్ద జబ్బు చేసి పుదుచ్చేరి పంపితే 800 కిలోమీటర్లకు పైగా దూరం, అక్కడ వార్డులో తమిళం.

మేము మంచాల దగ్గర ప్రార్థన చేసి వస్తున్నప్పుడు చీటీ చూపించి 'అయ్యగారూ, ఇందులో ఏముంది?' అని అడిగేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందులో ఓడీ అని ఉంటే రోజుకు ఒకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకునే ముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. ఈ ఐదూ తెలియక, అవసరమైతేనే వేసుకోవలసిన నొప్పి మాత్రను రోజుకు మూడుసార్లు వేసుకున్నవాళ్లున్నారు. రోజుకు రెండుసార్లు వేసుకోవలసిన మాత్రను 'ఇప్పుడు బాగానే ఉంది కదా' అని ఆపేసినవాళ్లూ ఉన్నారు. తప్పు వాళ్లది కాదు. మందుల సంచి చేతికిచ్చి 'రాసింది చూసి వేసుకోండి' అని పంపించినచోట చదవలేని మనిషి ఏం చేయగలడు?

రెండో బరువు కూలి. మన సంఘాల్లో పారిశుద్ధ్య కార్మికులు, భవన నిర్మాణ కూలీలు, మగ్గం మీద పనిచేసేవాళ్లు, ఇళ్లలో పనిచేసే అక్కలు ఉన్నారు. 'ఆరు వారాలు బరువు ఎత్తకూడదు' అని చీటీలో రాయడం సులభం. ఆ ఆరు వారాల కూలి ఎవరిస్తారో ఏ చీటీలోనూ రాసి ఉండదు. కుట్లు ఆరకముందే పనికి వెళ్లిన మనిషిని మూర్ఖుడనడం అన్యాయం. ఖాళీ బ్యాటరీ మీద పెద్ద భారం పెట్టింది మన వ్యవస్థ.

మూడో బరువు ఇంట్లో చూసుకునే మనిషిది. సాధారణంగా అది భార్యో, కోడలో, చదువు మానేసిన కూతురో. రోగికి కనీసం మంచం ఉంది. వార్డు వరండాలో నేల మీద పడుకుని, బిస్కెట్లు తిని, అప్పులకు తిరిగిన ఆ స్త్రీ శక్తి ఎంత మిగిలిందో కొలిచేవాళ్లు లేరు. డిశ్చార్జి నాటికి ఇంట్లో రోగి ఒక్కరే నీరసంగా ఉన్నారనుకోవడం పొరపాటు.

బిల్లు కట్టలేదని మనిషిని ఆపవచ్చా?

ఆపకూడదు. ఈ సంగతి ప్రతి సంఘంలోనూ చెప్పాలి. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో 17 హక్కులతో రోగుల హక్కుల పత్రాన్ని తయారు చేసింది. రోగిని డిశ్చార్జి చేయించుకుని తీసుకువెళ్లే హక్కు, చనిపోతే మృతదేహాన్ని తీసుకునే హక్కు అందులో ఉన్నాయి. బిల్లు గురించి తగాదా ఉన్నంత మాత్రాన మనిషిని బంధించడానికి వీల్లేదు. ఆసుపత్రికి బాకీ వసూలు చేసుకునే న్యాయమార్గాలు వేరే ఉన్నాయి. బాంబే, ఢిల్లీ హైకోర్టులు కూడా బాకీ పేరుతో రోగిని ఆపి ఉంచడం చట్టానికి విరుద్ధమని చెప్పాయి. కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రుల చట్టాన్ని 2017లో సవరించి రోగుల హక్కులను అందులో చేర్చారు. మహారాష్ట్ర 2021లో నర్సింగ్ హోముల నిబంధనల్లో చేర్చింది. కమిషన్ పత్రం దానంతట అదే చట్టం కాదు, రాష్ట్రాలు అమలు చేయాలి. అందుకే మన రాష్ట్రంలో ఏముందో తెలుసుకుని, లేనిచోట అడగడం మన పని.

బీమా ఉన్నవాళ్లకు ఇంకొకటి. బిల్లు తయారైనా బీమా కంపెనీ అనుమతి రాలేదని సాయంత్రం దాకా కూర్చోబెట్టడం మామూలైపోయింది. బీమా నియంత్రణ సంస్థ 2024 మే నెలలో దీని మీద గట్టి ఆదేశం ఇచ్చింది. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన మూడు గంటల్లోగా కంపెనీ తుది అనుమతి ఇవ్వాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వేసే ఖర్చు కంపెనీయే భరించాలి. ఆయుష్మాన్ భారత్ కార్డు ఉన్నవాళ్లకైతే డిశ్చార్జి తరువాత 15 రోజుల మందులు, పరీక్షల ఖర్చు కూడా ప్యాకేజీలోనే ఉంటుంది. ఈ 15 రోజుల సంగతి తెలియక బయట షాపులో కొనుక్కుంటున్నవాళ్లు ఎందరో.

ఇక 'డాక్టరు సలహాకు విరుద్ధంగా వెళ్తున్నాం' అని సంతకం పెట్టించుకునే డిశ్చార్జి ఉంది. ఆసుపత్రి భాషలో దాన్ని 'లామా' అంటారు. మాకు తెలిసి అలా సంతకం పెట్టేవాళ్లలో చాలామంది సలహాను కాదనడం లేదు, డబ్బు అయిపోయి వెళ్తున్నారు. కాగితం మీద మాత్రం తప్పు రోగి మీద పడుతుంది. అలా వెళ్లేవాళ్లు కూడా తమ రికార్డులు అడిగి తీసుకోవచ్చు. అడిగిన 72 గంటల్లోగా డాక్టర్లు రికార్డులు ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలే చెబుతున్నాయి. ఆ కాగితాలు లేకపోతే తరువాతి ఆసుపత్రిలో చికిత్స మళ్లీ మొదటి పరీక్ష నుంచి మొదలవుతుంది.

ఒడిశాలో మన తెలుగువాళ్లకు 2016 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. కలహండి జిల్లా భవానీపట్న ఆసుపత్రిలో క్షయతో చనిపోయిన భార్య దేహాన్ని ఒక ఆదివాసి భుజాన వేసుకుని, పక్కన ఏడుస్తున్న కూతురితో దాదాపు 10 కిలోమీటర్లు నడిచాడు. ఆసుపత్రి గేటు దాటాక అతని బాధ్యత ఎవరిదీ కాకుండా పోయింది. దేశమంతా ఆ దృశ్యం చూసింది. ఎర్తింగ్ లేకుండా లైను వదిలేయడమంటే ఏమిటో అంతకన్నా స్పష్టంగా ఎవరూ చూపించలేరు.

మంచి దారులు ఉన్నాయి

మన దేశంలో ఏమీ లేదని చెప్పడం మా ఉద్దేశం కాదు. కాన్పు విషయంలో మనకు మంచి పద్ధతే ఉంది. 2011లో మొదలైన జననీ శిశు సురక్ష కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రిలో కాన్పు అయిన తల్లిని ఉచితంగా ఇంటికి చేర్చాలి. ఆ తరువాత ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి. ఆరుసార్లు. డిశ్చార్జి ఒక దశ అని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం ఇది. బాలింతకు ఇచ్చిన ఈ శ్రద్ధ పక్షవాతం వచ్చిన తాతకు, గుండె ఆపరేషన్ అయిన కూలీకి ఎందుకు ఇవ్వకూడదు?

తమిళనాడు ప్రభుత్వం 'మక్కళై తేడి మరుత్తువం', అంటే ప్రజల దగ్గరకే వైద్యం అనే పథకాన్ని 2021 ఆగస్టు 5న ప్రారంభించింది. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే అది మొదలైంది. బీపీ, షుగరు మందులు ఇంటికే తెచ్చి ఇస్తారు. మంచాన పడ్డవాళ్లకు ఫిజియోథెరపీ, నొప్పి తగ్గించే సేవ ఇంటి దగ్గరే చేస్తారు.

మానసిక వైద్యంలోనైతే చట్టమే ముందుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, రోగిని ఇంటికి పంపేముందు తరువాతి చికిత్స ఎలా సాగాలో రోగితో, ఇంటివాళ్లతో మాట్లాడి ప్రణాళిక వేయాలంటుంది. కుటుంబం వద్దన్నదనో, ఇల్లు లేదనో ఆ ఒక్క కారణంతో మనిషిని ఆసుపత్రిలోనే ఉంచేయకూడదని కూడా చెబుతుంది. చట్టం తలుపు తెరిచింది. బయట చేయి చాచి నిలబడే మనుషులు కావాలి.

వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మన ఇళ్లలో అందరికీ తెలిసిన పేరు. అక్కడ డాక్టర్ మేరీ వర్గీస్ యువ వైద్యురాలిగా ఉండగానే 1954లో ప్రమాదంలో వెన్నెముక దెబ్బతిని, నడుము కింద భాగం చచ్చుబడిపోయింది. ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే ఆపరేషన్లు చేసి, తరువాత పునరావాస వైద్యం చదివి, ఆ విభాగాన్ని నిలబెట్టింది. వెన్నెముక దెబ్బతిన్నవాళ్లకు ఇంటికి వెళ్లాక ఎలా బతకాలో అక్కడ నేర్పుతారు. ఇంటికి పంపినవాళ్లను మళ్లీ పిలిచి ఒక మేళా జరుపుతారు. పాతవాళ్లంతా వచ్చి పరీక్షలు చేయించుకుంటారు, ఆటలాడతారు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకుంటారు. పంపించి మరచిపోకపోవడమంటే ఇది.

సంఘం ఏం చేయాలి?

మంచి సమరయుని కథ మనం ఎన్నోసార్లు విన్నాం. గాయాలకు నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టిన దాకా బాగా గుర్తుంటుంది. తరువాతి భాగాన్ని తొందరగా దాటేస్తాం. అతడు ఆ మనిషిని తన వాహనం మీద ఎక్కించాడు. సత్రానికి తీసుకెళ్లి ఆ రాత్రి తానే చూసుకున్నాడు. మర్నాడు వెళ్లేముందు డబ్బు ఇచ్చి, ఏం చేయాలో సత్రపువాడికి చెప్పి, తిరిగి వచ్చినప్పుడు మిగతా ఖర్చు తీరుస్తానన్నాడు. రవాణా, ఒక రాత్రి సంరక్షణ, ఖర్చుకు డబ్బు, బాధ్యత తీసుకునే మనిషికి స్పష్టమైన అప్పగింత, మళ్లీ వస్తానన్న మాట. ఇంత చక్కని డిశ్చార్జి ప్రణాళిక మరెక్కడ దొరుకుతుంది? యాయీరు కూతురు లేచి నడిచాక కూడా యేసు ఆమెకు తినడానికి ఏమైనా పెట్టమన్నాడు. కుష్ఠు నయమైనవాణ్ని వెళ్లి యాజకునికి కనబరచుకోమన్నాడు, ఊరు అతన్ని మళ్లీ చేర్చుకోవడానికి.

ఈ చివరి సంగతిని మన కాపరులు, ప్రార్థన బృందాల పెద్దలు గట్టిగా గుర్తుంచుకోవాలి. స్వస్థత కోసం ప్రార్థిస్తాం, ప్రార్థించాలి. కానీ 'దేవుడు బాగు చేశాడు, ఇక మాత్రలు ఎందుకు?' అనే మాట మన నోట రాకూడదు. క్షయ మందులు, మూర్ఛ మందులు, షుగరు ఇంజెక్షన్లు మధ్యలో ఆపితే ప్రాణం పోతుంది. బాగుపడ్డానని డాక్టరు దగ్గర పరీక్ష చేయించుకుని తెలుసుకోవడం అవిశ్వాసం కాదు.

పని విషయానికొస్తే, పెద్ద బడ్జెట్టు అక్కరలేదు. ప్రతి సంఘంలో ఒక నర్సో, ఫార్మసీ విద్యార్థో, ఆశా కార్యకర్తో, లేదంటే స్థానిక భాష, ఇంగ్లీషు చదవగల యువతీయువకులో ఉంటారు. వాళ్లలో ఇద్దరిని ఈ పనికి పెట్టండి. డిశ్చార్జి రోజున ఒకరు ఆసుపత్రికి వెళ్లాలి. చీటీ అర్థం కాకపోతే నర్సునే అడిగి, ప్రతి మందు పక్కన పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని తెలుగులో రాయాలి. చదవలేనివాళ్లకు సూర్యుడు, చంద్రుడు గీయాలి. పాత మందుల్లో ఏవి ఆపాలో, ఏ లక్షణం కనబడితే వెంటనే రావాలో, తరువాత ఎప్పుడు చూపించాలో అడగాలి. రోగి చేత తిరిగి చెప్పించాలి. మూడో రోజు ఫోను చేయాలి. మొదటి వారంలో ఒకసారి ఇంటికి వెళ్లాలి. మందు మార్చడం, మోతాదు చెప్పడం మన పని కాదు, అనుమానం వస్తే ఆసుపత్రికే ఫోను చేయాలి. రోగి వద్దన్న సంగతి సంఘంలో నలుగురిలో చెప్పకూడదు.

చూసుకునే ఇల్లాలికి వారానికి ఒక పూట విశ్రాంతి ఇవ్వండి. స్త్రీల సమాజం ఆ పూట వంట, కాపలా చూసుకోగలదు. సంఘంలో ఉన్న దర్జీ, ఆటో డ్రైవరు, ఎలక్ట్రీషియన్, మేస్త్రీ అందరికీ ఇందులో చోటుంది. ఇంట్లో ఆక్సిజన్ యంత్రం పెట్టుకున్న రోగికి కరెంటు పోతే బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో లెక్కగట్టి చెప్పగల కుర్రాడు, ఆ రాత్రికి ఆ ఇంటికి డాక్టరంత అవసరం.

సంఘం ఇదంతా చేస్తే ప్రభుత్వం తప్పించుకుంటుంది కదా అని కొందరు మిత్రులు అంటారు. ఆ భయం న్యాయమైనదే. వార్డులో ఒక నర్సు అంతమంది రోగులను చూస్తున్నప్పుడు ఆమె తొందరపడటం ఆమె దుర్మార్గం కాదు. బయట ఇంకొకరు మంచం కోసం ఎదురుచూస్తుంటారు. అందుకే డిశ్చార్జి పని కోసమే ప్రత్యేకంగా నర్సును పెట్టాలని, చీటీలో మందుల భాగం రోగి చదవగల భాషలో ఇవ్వాలని, కాన్పు తరువాత లాగే ఇతర రోగుల ఇళ్లకు కూడా ఆరోగ్య కార్యకర్త రావాలని మనం ప్రభుత్వాలను అడగాలి. వినతిపత్రం రాసే సంఘానికి, మూడో రోజు ఫోను చేసిన అనుభవం ఉంటే, ఆ పత్రంలో ప్రతి వాక్యానికీ ఒక మనిషి పేరు గుర్తుంటుంది. ఈ రెండు పనులూ ఒకదానికొకటి అడ్డు కావు.

ఒక చిన్న మార్పుతో వచ్చే ఆదివారమే మొదలుపెట్టవచ్చు. ఆసుపత్రిలో ఉన్నవాళ్ల పేర్లు మన ప్రార్థన చీటీలో ఉంటాయి. డిశ్చార్జి అయ్యారని తెలియగానే స్తోత్రం చెప్పి ఆ పేరు తీసేస్తాం. ఇకమీదట తీసేయకండి. పేరు పక్కన ఇంటికి వచ్చిన తేదీ రాయండి, ఎవరు వెళ్లి చూస్తారో వాళ్ల పేరు కూడా రాయండి. 30 రోజులు ఉంచండి.